విదేశాల్లో పరిశోధనకు డబ్బు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పైచదువుల గురించి ఇదివరకు రాసిన దానికి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో ఎక్కువమంది ఒకటే అడిగారు. పరిశోధన కోసం కొన్నాళ్లు విదేశం వెళ్లాలంటే డబ్బు ఎవరిస్తారు? గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, రాయగడ, బరంపురం నుంచి రాశారు. మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచి కూడా ఒక ఉత్తరం వచ్చింది. నేను బరంపురంలో వృక్షశాస్త్రం చెప్పి, చివరి ఏళ్లలో కాలేజీ రీసెర్చ్ సెల్ ఫైళ్లు చూసి రిటైరయ్యాను. ఆ ఫైళ్ల దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. మనం బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్లం. రాష్ట్ర పథకాల కిటికీ దగ్గర నిలబడితే ఇటు ఒడిశావాళ్లు, అటు ఆంధ్రావాళ్లు కూడా ‘మీరు అక్కడి వాళ్లు కదా’ అని పంపేసిన అనుభవం చాలా ఇళ్లలో ఉంది. కానీ అంతర్జాతీయ పరిశోధనకు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగానికి మీది ఏ రాష్ట్రమన్నది అక్కర్లేదు. మీరేం చేస్తున్నారు, ఎవరి దగ్గర చేస్తారు అనేదే వాళ్లకు కావాలి. మన పిల్లలు అడక్కుండానే వదిలేసుకుంటున్న డబ్బు ఇదే. నా బాధంతా అందుకే.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మాది గుణుపురం దగ్గర పల్లె. పీహెచ్‌డీ రెండో ఏడు. కొండ పొలాల్లో పండే దేశవాళీ వరి వేళ్లను పట్టుకుని బతికే శిలీంధ్రాల మీద పని చేస్తున్నాను. మా ల్యాబులో మైక్రోస్కోపు వరకే ఉంది. ఆర్నెల్లు బయటి దేశంలో పనిచేసి రావాలని ఉంది. నలభై మంది ప్రొఫెసర్లకు ఈమెయిల్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. ఏ స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తే వస్తుంది?

అమ్మా, నీలాగ ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ మధ్యలో కొన్నాళ్లు బయట పనిచేసి రావాలనుకునే వాళ్ల కోసమే పెట్టిన ఫెలోషిప్పులు ఉన్నాయి. అమెరికాకైతే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్, ఆరు నుంచి తొమ్మిది నెలలు. రానూపోనూ విమానం టికెట్టు, నెలవారీ భత్యం, ఆరోగ్య బీమా వాళ్లే చూసుకుంటారు. జర్మనీకి డాడ్ (జర్మన్ విద్యా వినిమయ సంస్థ) ఇచ్చే రీసెర్చ్ గ్రాంట్లు ఉన్నాయి. కొన్ని నెలలకు ఇచ్చేవి కొన్ని, ఇక్కడి గైడు, అక్కడి గైడు కలిసి నడిపించే పీహెచ్‌డీలకు ఇచ్చేవి ఇంకొన్ని. ఫ్రాన్స్‌కి రామన్-చార్పాక్ ఫెలోషిప్. ఇద్దరు నోబెల్ భౌతికశాస్త్రవేత్తల పేరు పెట్టారు కాని ఫిజిక్స్ వాళ్లకే పరిమితం కాదు. 1987లో మొదలైన ఇండో-ఫ్రెంచ్ కేంద్రం సెఫిప్రా దీన్ని నడుపుతుంది. బ్రిటన్‌కి కామన్వెల్త్ స్ప్లిట్-సైట్ స్కాలర్‌షిప్, పీహెచ్‌డీలో పన్నెండు నెలల దాకా అక్కడ గడపడానికి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పేర్లన్నీ ఇంటర్నెట్‌లో ఐదు నిమిషాల్లో దొరుకుతాయి. వీటన్నిటికీ ప్రాణం ఒకే కాగితం: ‘ఈ అమ్మాయి మా ల్యాబులో పనిచేయడానికి ఒప్పుకుంటున్నాను’ అని అక్కడి శాస్త్రవేత్త ఇచ్చే లేఖ. ఫారంలో తప్పనిసరి అని రాసినా రాయకపోయినా, అది ఉన్న దరఖాస్తు ముందుంటుంది. కాబట్టి స్కాలర్‌షిప్ వెతకడం తర్వాత, మనిషిని వెతకడం ముందు.

నువ్వు పంపిన ఈమెయిల్ నకలు చూశాను. ‘గౌరవనీయులైన సర్, నాకు చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే చాలా ఇష్టం. కష్టపడే స్వభావం. మీ ప్రసిద్ధ ల్యాబులో ఏ అంశం మీదైనా పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను’ అని ఉంది. ఆ ‘ఏ అంశం మీదైనా’ అన్న మాట చూడగానే అవతలి మనిషి మూసేస్తాడు. నలభై మందికీ ఒకే ఉత్తరం వెళ్లిందని దాన్ని బట్టే తెలిసిపోతుంది.

ఇలా రాసి చూడు. ‘వరి వేళ్లలో శిలీంధ్రం ఎంత మేర పాకిందో కొలిచే మీ పద్ధతిని మీ ఫలానా పేపరులో చదివి, మా దగ్గర వాడాను. ఎరువు వేయని కొండవాలు మట్టిలో పెరిగే దేశవాళీ రకాల మీద రెండు సీజన్ల లెక్కలు నా దగ్గర ఉన్నాయి, చిన్న పట్టిక జత చేశాను. ఒక రకంలో మాత్రం మిగతావాటికంటే బాగా ఎక్కువగా కనిపిస్తోంది. అది ఏ శిలీంధ్రమో డీఎన్‌ఏ ద్వారా తేల్చే వసతి ఇక్కడ లేదు. ఆర్నెల్లు మీ దగ్గర ఆ పని నేర్చుకోవడానికి ఫుల్‌బ్రైట్‌కి దరఖాస్తు పెడుతున్నాను. మీ ప్రాజెక్టు నుంచి డబ్బు అడగడం లేదు. ఆతిథ్య లేఖ ఇవ్వగలరేమో చెప్పండి.’ పది పన్నెండు వాక్యాలు దాటనివ్వకు. పట్టిక ఒక్క పేజీ. నలభై మంది వద్దు, నువ్వు నిజంగా పేపర్లు చదివిన ఐదారుగురు చాలు. రెండు వారాలైనా జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తు చెయ్యి. మీ గైడు గారి పేరు కాపీలో పెట్టడం మరిచిపోవద్దు.

ఆ పట్టిక విలువ నీకు తెలియడం లేదని అనిపించి ఇంత రాస్తున్నాను. కోరాపుట్ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా గుర్తించింది. 1950ల్లోనే కటక్ వరి పరిశోధన సంస్థ వాళ్లు జయపురం కొండల్లో తిరిగి విత్తనాలు సేకరించారు. పాత్రపుట్ ఊరి కమలా పూజారి గారికి దేశవాళీ విత్తనాలు కాపాడినందుకే 2019లో పద్మశ్రీ వచ్చింది. వరి పుట్టుక గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా మన కొండల పేరు వస్తుంది. అలాంటి పొలం నీ ఇంటి వెనకాల ఉంది. అక్కడి ప్రొఫెసరుకు యంత్రం ఉంది, పొలం లేదు. అడుక్కుంటున్నట్టు కాకుండా, నీ వాటా పట్టుకుని కలిసి పనిచేద్దామని అడుగుతున్నట్టు రాయి.

రెండు జాగ్రత్తలు. విత్తనాలు గాని, వేళ్లు గాని, మట్టి గాని కవర్లో పెట్టి పోస్టులో పంపకు, సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లకు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన జీవ వనరులు విదేశీయుల చేతికి వెళ్లాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ప్రభుత్వం ఆమోదించిన ఉమ్మడి ప్రాజెక్టులకు వేరే దారి ఉంది. అవతలి దేశంలో మొక్కల క్వారంటైన్ పర్మిట్ కూడా అడుగుతారు. ఈ పని నెలలు పడుతుంది కాబట్టి ఫెలోషిప్ వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టేటప్పుడే మీ గైడుతో కలిసి మొదలుపెట్టు.

రెండోది, ఫుల్‌బ్రైట్ మీద వెళ్లేవాళ్లకు జే-1 వీసా ఇస్తారు. దానికి ఒక షరతు ఉంది. పని అయ్యాక తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో గడిపితే గాని హెచ్-1బీ గాని, గ్రీన్‌కార్డు గాని దొరకదు. పెళ్లి సంబంధాల మాటల్లో ‘అమ్మాయి అమెరికా వెళ్తోంది, అక్కడే ఉండిపోతుంది’ అని ఎవరైనా అనుకుంటుంటే ఇంట్లో ముందే ఈ మాట చెప్పు. తర్వాత టెన్షన్ పడొద్దు.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. పర్లాకిమిడిలో ఉంటాను, తెలుగు ఎం.ఏ. చేశాను. అమ్మమ్మ వాళ్ల ఊరి చుట్టూ సవర పల్లెలే. వాళ్ల పాటలు, కథలు రికార్డు చేస్తున్నాను. సైన్సు వాళ్లకే కదా విదేశీ ఫండింగ్? మాలాంటి వాళ్లకు ఏముంటుంది?

బాబూ, పర్లాకిమిడిలో కూర్చుని ఈ ప్రశ్న అడిగావు! గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకుని, వ్యాకరణం రాసి, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వేయించారు. కేంబ్రిడ్జి మానవశాస్త్రవేత్త పియర్స్ వితెబ్‌స్కీ 1970ల నుంచి మీ పక్క కొండల్లో సవరల మధ్య ఉండి పనిచేశారు. అంత దూరం నుంచి ఆయన వచ్చిన చోటికి నువ్వు సైకిలు మీద వెళ్లి వస్తున్నావు.

భాషలను రికార్డు చేసి భద్రపరచడానికే ప్రత్యేకంగా డబ్బిచ్చే కార్యక్రమం ఒకటి ఉంది. ప్రమాదంలో ఉన్న భాషల డాక్యుమెంటేషన్ ప్రోగ్రామ్ అంటారు, పొట్టిగా ఈఎల్‌డీపీ. 2002లో లండన్‌లో మొదలైంది, ఇప్పుడు బెర్లిన్ నుంచి నడుస్తోంది. ఏ దేశం వాళ్లైనా పెట్టుకోవచ్చు. చిన్న గ్రాంట్ల నుంచి పీహెచ్‌డీ, పెద్ద ప్రాజెక్టుల దాకా ఉన్నాయి. రికార్డర్లు, ప్రయాణాలు, పాటలు చెప్పినవాళ్లకు ఇచ్చే పారితోషికం వరకూ బడ్జెట్‌లో రాయవచ్చు. రికార్డింగులన్నీ వాళ్ల ఆర్కైవులో పెట్టాలి. వెనక ఒక సంస్థ ఉండాలి కాబట్టి యూనివర్సిటీ భాషాశాస్త్ర విభాగంతో కలవడం తప్పదు.

అయితే ఒక చిక్కు చెప్పాలి. సవర మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొంత లిపి కూడా ఉంది. ‘సవర అంతరించిపోతోంది’ అని ఊరికే రాస్తే కమిటీ ఒప్పుకోదు. ఏ పాట ఇప్పుడు ముసలివాళ్లకు మాత్రమే వచ్చు, ఏ తంతు ఆగిపోతోంది, ఏ పల్లె యాస పిల్లల నోట వినిపించడం లేదు? అది పట్టుకుని రాయాలి. లేదా కోరాపుట్ వైపు గోరుం, మల్కాన్‌గిరి కొండల్లో బోండా తెగవాళ్లు మాట్లాడే రెమో తీసుకో. ఇవి కూడా సవర కుటుంబానివే. మాట్లాడేవాళ్లు చాలా తక్కువ, అవసరమూ ఎక్కువే. వాళ్లలో ఒకరిని నీతో సమానంగా ప్రాజెక్టులో చేర్చుకో. దరఖాస్తు బలం కోసం చెప్పడం లేదు. వాళ్ల పాట మీద వాళ్లకే మాట లేకపోతే ఆ పని చేయకపోవడమే నయం.

ఇంట్లో, గుళ్లో తాళపత్రాలు ఉన్నాయని ఇంకో ఇద్దరు రాశారు. వాళ్లకూ ఇక్కడే చెబుతాను. బ్రిటిష్ లైబ్రరీ వాళ్ల ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ 2004 నుంచి ఇలాంటివాటిని డిజిటల్‌గా తీయడానికి డబ్బిస్తోంది. అసలు ప్రతులు దేశం దాటకూడదన్నది వాళ్ల నియమమే. కాబట్టి ‘పట్టుకుపోతారేమో’ అన్న భయం వద్దు. కాని మీ సంఘం పేరు మీద విదేశీ డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంఘం కనీసం మూడేళ్ల పాతదై, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయలు అసలు పనుల మీద ఖర్చు చేసి ఉండాలి. డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడమూ కుదరదు. చిన్న సంఘాలకు ఇది దాటలేని గోడ. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ దగ్గరికి వెళ్లి, ప్రాజెక్టు వాళ్ల పేరున పెట్టి, మీ వాళ్లు అందులో పనిచేసేలా మాట్లాడుకోండి.

ప్రశ్న: సార్, మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత దాటితే తెలంగాణ, మా చుట్టాలంతా అక్కడే. జియాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడు. ఎస్సీ కుటుంబం. మా మేనమామ కొడుక్కి తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి వచ్చింది. నాకూ వస్తుందా? విదేశంలో పీహెచ్‌డీ చేయాలని ఉంది.

రాదు నాయనా. తెలంగాణ వాళ్ల అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి తెలంగాణ నివాసులకే. మేనమామ గారి అడ్రసు మీద సర్టిఫికెట్ తెచ్చే ఆలోచన ఎవరైనా చెబితే వినకు. కులం సర్టిఫికెట్ తండ్రి వైపు సొంత రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. తర్వాత పరిశీలనలో దొరికితే డబ్బు తిరిగి కట్టాలి, కేసు కూడా అవుతుంది.

నీకు రెండు దారులు ఉన్నాయి. మహారాష్ట్ర ప్రభుత్వానిదే రాజర్షి షాహూ మహారాజ్ విదేశీ స్కాలర్‌షిప్ ఒకటి. దాని ప్రకటన మరాఠీలో వస్తుంది కాబట్టి మన తెలుగు ఇళ్లలో చాలామంది చూడరు. నీకు మరాఠీ వచ్చు కదా, సాంఘిక న్యాయ శాఖ వెబ్‌సైటు ఎండాకాలం నుంచీ చూస్తూ ఉండు. రెండోది కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. మాస్టర్స్‌కి, పీహెచ్‌డీకి ఇస్తారు. ఏటా 125 మందికి అవకాశం. 35 ఏళ్ల లోపు వయసు, 60 శాతం మార్కులు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు. ప్రపంచ ర్యాంకుల్లో పైన ఉన్న యూనివర్సిటీలో సీటు ఉండాలి. ఎస్టీ పిల్లలకు గిరిజన వ్యవహారాల శాఖ వాళ్లది వేరుగా ఉంది, ఏటా 20 మందికి. ఆ సంగతి మీ చుట్టుపక్కల గోండు, మాడియా కుర్రాళ్లకు చెప్పు. షరతులు ఏడాదికోసారి మారుతుంటాయి, ఆ ఏటి ప్రకటన పూర్తిగా చదువుకుని పెట్టండి.

నువ్వు జియాలజీ అన్నావు కాబట్టి ఒక మాట. సిరొంచ పక్కన పోచంపల్లి దగ్గర తవ్వకాల్లో దొరికిన పెద్ద శాకాహార డైనోసార్ పేరు బారాపాసారస్ టాగోరీ. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం కాబట్టి ఆ పేరు. అక్కడ పనిచేసిన కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో జియాలజీ విభాగానికి పునాది వేసింది లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్. ఆమెను పిలిపించింది ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్. ఒక లెక్కల సంస్థ, ఒక లండన్ శాస్త్రవేత్త, మన గోదావరి లోయ ఎముకలు కలిసి అంత పని జరిగింది. ఆ ఎముకలు కూర్చిన అస్థిపంజరం కలకత్తాలో నిలబెట్టి ఉంది, వీలైతే వెళ్లి చూడు. దరఖాస్తులో ‘నాకు ఫాసిల్స్ అంటే ఆసక్తి’ అని రాయకు. ఆ డైనోసార్ దొరికిన కోటా రాతిపొరల్లో నువ్వు స్వయంగా ఏం చూశావో, ఏ పొర దగ్గర నీకు అనుమానం వచ్చిందో రాయి. ఆ పొరల గురించి పేపర్లు రాసినవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లకు నీ అడ్రసు చూడగానే ఆసక్తి కలుగుతుంది.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది రాయగడ. మా అమ్మాయికి నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ వచ్చిందంటోంది. ఫీజు కట్టక్కర్లేదట, పైగా జీతం ఇస్తారట. ‘ఎవరైనా ఎదురు డబ్బిచ్చి చదివిస్తారా, ఏదో మోసం’ అంటున్నారు మా బావగారు. భయంగా ఉంది.

చెల్లెమ్మా, మీ బావగారి అనుమానం సహజమే. ఏజెంట్ల చేతిలో లక్షలు పోగొట్టుకున్నవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. కాని యూరప్‌లో చాలా చోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే. మీ అమ్మాయి ఉత్తరంలో మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ అని ఉందన్నారు. అది యూరోపియన్ యూనియన్ డబ్బు. యూనివర్సిటీ అపాయింట్‌మెంట్ కాంట్రాక్ట్ ఇస్తుంది, నెలనెలా జీతం, బీమా ఉంటాయి. ఏ దేశం పిల్లలైనా పోటీపడవచ్చు. ఒక్క షరతు, చేరబోయే దేశంలో అంతకుముందు మూడేళ్లలో ఏడాదికి మించి ఉండి ఉండకూడదు. రాయగడ అమ్మాయికి అది అడ్డే కాదు.

సరిచూసుకోవడం ఇలా. ఆ ప్రాజెక్టు పేరు, గ్రాంట్ నంబరు మీ అమ్మాయిని అడగండి. యూరోపియన్ కమిషన్ కార్డిస్ అనే వెబ్‌సైటులో తాము డబ్బిచ్చిన ప్రాజెక్టుల వివరాలు పెడుతుంది. అక్కడ ఆ నంబరు వెతికితే యూనివర్సిటీల పేర్లతో సహా కనబడాలి. ఉత్తరం వచ్చిన ఈమెయిల్ చివర యూనివర్సిటీ సొంత అడ్రసు ఉండాలి, జీమెయిల్ కాదు. ఆ ప్రొఫెసర్‌తో వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ జరిగిందా అడగండి, నిజమైనదైతే తప్పక జరుగుతుంది. ‘ప్రాసెసింగ్ ఫీజు’, ‘సీటు రిజర్వేషన్’ అని ఎవరైనా అడిగితే మాత్రం అక్కడితో ఆపేయండి. వీసా రుసుము రాయబార కార్యాలయం చెప్పిన చోటే కట్టాలి, మధ్యలో మనిషి అక్కర్లేదు.

ఇవన్నీ సరిపోతే పంపండి అమ్మా. ఇలాంటి స్థానాలకు ఎన్నో దేశాల నుంచి పోటీ ఉంటుంది. మీ అమ్మాయి దాన్ని గెలుచుకుంది. బావగారికి ఆ కార్డిస్ పేజీ మీ చేత్తోనే చూపించండి.

ప్రశ్న: బరంపురంలో బీటెక్ మూడో ఏడు. సమ్మర్‌లో విదేశంలో ఇంటర్న్‌షిప్ ఎలా?

కెనడా వాళ్ల మైటాక్స్ గ్లోబలింక్ పన్నెండు వారాలు ఉంటుంది, భారతీయ విద్యార్థులను తీసుకుంటూ వచ్చింది. జర్మనీ డాడ్-వైజ్ ఉంది కాని అది వాళ్ల జాబితాలో ఉన్న సంస్థల పిల్లలకే, మీ కాలేజీ ఉందో లేదో చూసుకో. జపాన్‌లోని ఒకినావా సైన్స్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇంటర్న్‌లకు ఖర్చులు ఇస్తుంది.

నా సలహా అడిగితే ముందు ఇండియాలోనే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ చెయ్యి. రెండు నెలలు మంచి ల్యాబులో పనిచేస్తే నీ గురించి సొంత మాటల్లో రాసే శాస్త్రవేత్త ఒకరు దొరుకుతారు. ఆ సిఫార్సు లేఖ లేకుండా విదేశీ దరఖాస్తు నిలబడదు. మన ఊళ్లోనే 2016 నుంచి ఐసర్ (కేంద్ర ప్రభుత్వపు సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది. అక్కడ జరిగే సెమినార్లకు వెళ్లి కూర్చో, ప్రశ్న అడుగు, ఎవరూ గెంటేయరు.

ప్రశ్న: నమస్కారం సార్. జయపురం డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పీహెచ్‌డీ అయి మూడేళ్లు. నేను బయటికి వెళ్లాలని ఒకటి, విదేశీ ప్రొఫెసర్‌ను మా కాలేజీకి తీసుకురావాలని ఇంకొకటి. దేనికి డబ్బు దొరుకుతుంది?

మొదటిదానికి దొరుకుతుంది, రెండోదానికి మీ కాలేజీ స్థాయిలో కష్టం.

జర్మనీ హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ పీహెచ్‌డీ అయిన నాలుగేళ్ల లోపు వాళ్లకు. మీకింకా ఏడాది ఉంది, ఆలస్యం చేయకండి. ఆరు నుంచి ఇరవై నాలుగు నెలలు. దేశానికి ఇన్ని అని, సబ్జెక్టుకు ఇన్ని అని కోటా లేదు. కుటుంబాన్ని తీసుకెళ్తే దానికీ భత్యం ఇస్తారు. యూరప్ మేరీ క్యూరీ పోస్ట్‌డాక్‌కు పీహెచ్‌డీ తర్వాత ఎన్నేళ్ల వరకు అర్హత అన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. దాని గడువు సాధారణంగా సెప్టెంబరులో, బ్రస్సెల్స్ సమయం సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. మనకు అది రాత్రి ఎనిమిదిన్నర. జయపురంలో వాన పడి కరెంటు పోయే కాలం అది. ముందు రోజే పెట్టేయండి, మారిస్తే మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇటలీ ట్రియెస్తెలో ఐసీటీపీ ఉంది. పాకిస్తాన్ భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలాం 1964లో మనలాంటి దేశాల ఫిజిక్స్ వాళ్ల కోసమే పెట్టిన సంస్థ. వాళ్ల వర్క్‌షాపులకు చాలావరకు రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు, కొందరికి ప్రయాణ ఖర్చులూ ఇస్తారు. చిన్న కాలేజీలో ఒంటరిగా పనిచేసే టీచరుకు ఇంతకంటే మంచి మొదటి మెట్టు నాకు తెలియదు. మీ విద్యార్థులకు కూడా చెప్పండి, అక్కడ ఏడాది డిప్లొమా ఉంది.

ఇక రెండోది. 2015లో మొదలైన గ్యాన్ పథకం కింద విదేశీ ప్రొఫెసర్లు వచ్చి ఇక్కడ చిన్న కోర్సులు చెబుతారు. 2018లో వచ్చిన స్పార్క్ ఉమ్మడి పరిశోధనకు. రెండూ ఐఐటీలు, ఎన్ఐటీలు, ర్యాంకుల్లో పైన ఉన్న యూనివర్సిటీల చుట్టూ అల్లినవే. డిగ్రీ కాలేజీలను ఈ పథకాలు పట్టించుకోకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం. అవసరం ఎక్కువ ఉన్నచోటికి డబ్బు చేరడం లేదు. ప్రస్తుతానికి మీరు చేయగలిగింది, గ్యాన్ కోర్సులు వినడానికి వెళ్లి కూర్చోవడం. వారం రోజులు ఒకే గదిలో ఉంటే ఆ ప్రొఫెసర్‌తో పరిచయం అవుతుంది, హంబోల్ట్‌కి కావలసిన ఆతిథ్య లేఖ అక్కడి నుంచే రావచ్చు. వైద్యం, ఆరోగ్యం కలిసిన ఉమ్మడి పని అయితే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలని మీ లైఫ్ సైన్సెస్ మిత్రులకు గుర్తు చేయండి.

ఇంకో మాట, సెలవు సంగతి. స్టడీ లీవు, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న) కాగితం ఫలితం వచ్చాక అడిగితే పని జరగదు. ఫెలోషిప్ చేతికి వచ్చి, సంతకం కోసం ఫైలు ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్‌కి కదలక, చేరే తేదీ దాటిపోయిన టీచర్లను చూశాను. దరఖాస్తు పెట్టిన రోజే ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రశ్న: స్కూలు సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీలో చివర ఉంది. పాస్‌పోర్టులో ఇంకోలా వచ్చింది. ఇబ్బందా? (బరంపురం)

ఇబ్బందే. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా బళ్లో రాసేవాళ్లు వాళ్లకు అలవాటైనట్టు రాస్తారు. మెట్రిక్ సర్టిఫికెట్ ఎలా ఉందో దానికి మిగతావన్నీ సరిచేయించు. పాస్‌పోర్టును దాని ప్రకారం మార్పించు, మనకు ప్రాంతీయ కార్యాలయం భువనేశ్వర్‌లోనే. అప్పటిదాకా ‘ఈ పేర్లన్నీ ఒకరివే’ అని నోటరీ అఫిడవిట్ దగ్గర ఉంచుకో. పేపర్లు ప్రచురించేటప్పుడు పాస్‌పోర్టు పేరే వాడు. ఒడియాలో ఉన్న జనన ధ్రువీకరణకు నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం తయారుగా పెట్టుకో.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక అంతర్జాతీయ కాన్ఫరెన్స్ వాళ్లు ‘మీ పేపరు ఎంపికైంది’ అని ఆహ్వానం పంపారు. రిజిస్ట్రేషన్ ముప్పై వేలు దాటింది. నేనేమీ పంపకుండానే ఎంపికైంది! వెళ్లాలా? (కోరాపుట్)

వద్దు తల్లీ. నువ్వు పంపని పేపరును ఎంపిక చేసేవాళ్లకు నీ ముప్పై వేలే కావాలి. అసలైన కాన్ఫరెన్స్‌లో సారాంశం నువ్వు పంపుతావు, వాళ్లు చదివి కొన్నిటిని తిప్పి పంపుతారు. నిర్వాహకుల పేర్లు చూడు, మీ రంగంలో నువ్వు పేపర్లు చదివిన వాళ్లు ఒక్కరైనా ఉన్నారా? వాళ్లకే ఈమెయిల్ పెట్టి నిజమేనా అని అడగవచ్చు, తప్పు లేదు.

మంచి కాన్ఫరెన్స్‌లో పేపరు నిజంగా ఒప్పుకుంటే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇంటర్నేషనల్ ట్రావెల్ సపోర్ట్ అడుగు. ఇదివరకు పరిశోధనకు డబ్బిచ్చిన కేంద్ర సంస్థ సెర్బ్ దీనిలోనే కలిసింది. సీఎస్ఐఆర్ కూడా ప్రయాణ సాయం ఇస్తుంది. కాన్ఫరెన్స్‌కు కొన్ని నెలల ముందే పెట్టుకోవాలి, అంగీకార పత్రం జత చేయాలి. ఇలాంటి గ్రాంట్లు చాలావరకు ముందు మన చేతి డబ్బు పెట్టుకుంటే, తిరిగొచ్చాక ఇస్తాయి. అందుకే మంజూరు ఉత్తర్వు అక్షరం అక్షరం చదువు. టికెట్ ఏ ఏజెంటు దగ్గర కొనమన్నారో అక్కడే కొను. బోర్డింగ్ పాసులు, రిజిస్ట్రేషన్ రసీదు, హాజరు సర్టిఫికెట్ ఒకే కవర్లో పెట్టి, ఫోన్‌లో ఫొటోలు కూడా తీసుకో. తిరిగొచ్చిన వారంలోనే బిల్లులు యూనివర్సిటీ ఫైనాన్స్ సెక్షన్‌లో ఇచ్చి, డైరీ నంబరు రాసుకో.